వరదమ్మ వస్తే మోగే గంట

నోట నీచు పెట్టని నెలలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాంసం కోయడం మా చిత్తూరువాళ్లకే చెల్లింది. పెరటాసి నెల వచ్చిందంటే మా చుట్టుపక్కల సగం ఇళ్లలో కోడి, మేక పొయ్యెక్కవు. అది ఏడుకొండలవాడి నెల. ఆడవాళ్లు శనివారం పొద్దున్నే తలకు పోసుకుని, నామాలు పెట్టుకుని, గోవిందా అని దండం పెట్టుకుని, బస్సెక్కి నేరుగా గోవిందస్వామి నాయుడి కైమా ఫ్యాక్టరీకి వచ్చేవాళ్లు. నేను కిరస్తానీదాన్ని, నాకా పట్టింపు లేదు. మధ్యాహ్నం నా క్యారియర్ మూత తీసి ఎండుచేప వాసన వస్తే చాలు, వరదమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

"పొద్దున్నుంచి చేతులు ముంచింది దేంట్లో వరదక్కా?" అని అడిగితే, "అది పని మే, ఇది తిండి. రెండూ ఒకటేనా?" అనేది. ఆమెతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఫ్యాక్టరీలో లేరు.

ఆ ఫ్యాక్టరీ పూతలపట్టు దాటాక, తిరుపతి రోడ్డు మీద ఉండేది. బోర్డు మీద పొడుగాటి ఇంగ్లీషు పేరు ఒకటి రాసి ఉండేది కానీ దాన్ని పలికిన పాపాన ఎవరూ పోలేదు. వెనక షెడ్డులో మేకలను కోసేవాళ్లు. ఎముక తీసిన మాంసం చల్లగది నుంచి మా హాలుకు వచ్చేది. మేం బల్లల దగ్గర నిలబడి నరాలూ కొవ్వూ తీసి, మరలో కైమా ఆడించి, పొట్లాలు కట్టేవాళ్లం. ఆ పొట్లాలు గడ్డకట్టించి మద్రాసు రేవు నుంచి అరబ్బు దేశాలకు ఓడలో పంపేవాళ్లు. మా కైమా సముద్రం దాటిపోతుంటే మేం ఆ ఫ్యాక్టరీ దాటి పోయిందే తక్కువ.

ఒకసారి ఆ పోయిన సరుకు పోయినట్టే వెనక్కి వచ్చింది. ఏదో పొట్లంలో విరిగిన కత్తిమొన దొరికిందట. ఎవరి కత్తో ఎప్పుడు విరిగిందో ఎవరికీ తెలియదు. నాయుడు ఆ తునకను అగ్గిపెట్టెలో పెట్టుకుని బల్లబల్లకూ తిరిగి చూపించాడు. "ఇది ఏ బిడ్డ గొంతులోనన్నా దిగింటే మన గతేమి?" అన్నాడు. ఆ రోజు మాలో ఎవరికీ మధ్యాహ్నం బువ్వ సరిగ్గా దిగలేదు. ఇనుము పట్టే మిషన్ పెడితేనే ఇకమీదట మీ సరుకు కొంటాం అని అవతలివాళ్లు కబురు పెట్టారు. నాయుడు చేసేది లేక పెట్టాడు.

ఎనభై ఆరో సంవత్సరం వానల ముందు ఆ మిషన్ మద్రాసు నుంచి లారీలో దిగింది. చూడటానికి పెద్దగా ఏమీ లేదు. ఒక రబ్బరు పట్టా, దాని మధ్యలో తెల్లటి చదరపు గూడు. పొట్లం పట్టా మీద ఎక్కి ఆ గూట్లో దూరి అవతలికి రావాలి. లోపల గుండుసూది మొనంత ఇనుము ఉన్నా గంట మోగుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది, పట్టా నిలిచిపోతుంది. బిగించడానికి వచ్చిన ఇంజనీరు మిషన్ చుట్టూ నేల మీద పసుపు రంగుతో గీత గీసి, ఈ గీత లోపల ఇనుప సామాను ఏదీ కదలకూడదు, గూటి దగ్గర కదిలితే ఉత్తపుణ్యానికే మోగుతుంది అని అరవంలో చెప్పిపోయాడు. మాలో సగంమందికి అరవం ఇంట్లో మాటే. అందరికీ అర్థమయ్యింది. కత్తులు, బల్లలు, ఇనుప స్టూళ్లు అన్నీ గీతకు అవతలికి జరిపేశాం.

మిషన్‌తో పాటు ఒక కట్టుబాటు కూడా వచ్చింది. హాల్లోకి వచ్చే ఆడవాళ్లు గాజులు, కమ్మలు, మెట్టెలు, పిన్నీసులు, కొప్పుపిన్నులు అన్నీ బయట తీసి పెట్టి రావాలి. ఊడి కైమాలో పడితే ఎవరు చూశారు? మేనేజరు ధనంజయ ఆ చిట్టా చదువుతూ చదువుతూ తాళిబొట్టు దగ్గరికి వచ్చేసరికి దగ్గి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మద్రాసులో చదివిన పిల్లవాడే కానీ వాళ్లమ్మ మా పక్క మనిషే. రవికె లోపల ఉన్నదాని జోలికి మేం వెళ్లం అన్నట్టు గోడ వైపు చూశాడు. మేమూ తాళి లోపలికి దోపుకుని పనిలో పడ్డాం.

ఇక వరదమ్మ సంగతి చెప్పాలి. నలభైకి దగ్గరపడిన మనిషి, ఎత్తరి. చల్లగది నుంచి మాంసం తట్టలు తెచ్చేది ఆమే. ప్లాస్టిక్ తట్టలు, నిండా మాంసం. నేనైతే ఒక్కటి ఎత్తడానికి అమ్మా అంటాను. ఆమె రెండు తట్టలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని, చేతులు ఖాళీ లేవు కాబట్టి చల్లగది తలుపును మడమతో ఒక్క తన్ను తన్ని, అది దడాలున తెరుచుకుంటే గాలిలా బయటికి వచ్చేది. ఆమె వెంట చల్లగాలి గుప్పున హాలంతా కొట్టేది. ఆ మిషన్ అంటే ఆమెకు వల్లమాలిన ప్రేమ. అంతకుముందు మేమంతా రోజుకూలీలం. సరుకు ఉంటే పని, లేకుంటే ఇల్లు. మిషన్ వచ్చి ఓడ సరుకు ఖాయమయ్యాకే నాయుడు మమ్మల్ని నెలజీతం మీద పెట్టాడు. "ఈ తల్లి వచ్చినాకనే మే మనకు అన్నం నిలకడ అయింది" అని పొద్దున్నే వచ్చి ఆ గూటిని తాకి కళ్లకద్దుకునేది. మొగుడు చిన్నబ్బ బెల్లం వండేవాడు. గానుగ ఆడే రోజుల్లో సంపాదన, తర్వాత ఏ కూలి దొరికితే అది. ఇల్లు గడిచేది ఆమె జీతం మీదనే.

ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు కత్తిపీట నుంచి కరెంటు మోటారు దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. కొత్త మిషన్‌ను పెళ్లికూతుర్ని చేశారు. గంధం, కుంకుమ, బంతిపూల దండలు, గూటి నెత్తిన చెండు. ధనంజయ టెంకాయ కొట్టాడు. నాయుడు హారతి ఇచ్చాడు. కొత్త వస్తువు, పైగా అందరి కళ్లూ దాని మీదే, దిష్టి తగలకుండా ఉంటుందా? వరదమ్మ ఇంటి దగ్గర నుంచి దిష్టి నిమ్మకాయ గుచ్చి తెచ్చింది. ధనంజయే చెక్కస్టూలు పట్టుకుంటే ఆమె ఎక్కి, పూలదండల మధ్యన గూటి వాకిలి పైన కట్టింది. నేను దూరంగా నిలబడి బొరుగులూ బెల్లమూ తింటూ చూశాను. మా పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారో అని అనిపించింది కానీ బొరుగులు బాగున్నాయి.

కొన్నాళ్లకు పూలు వాడి కుళ్లు వాసన కొట్టాయి. ఊడ్చే ఓబయ్య పూలన్నీ లాగేసి, మిషన్‌ను తడిగుడ్డతో తళతళా తుడిచాడు. మిషన్ బాగానే ఉంది. ఆ మర్నాడే మొదలైంది కథ.

వరదమ్మ చల్లగది తలుపు తన్ని రెండు తట్టలతో బయటికి వచ్చింది. గంట మోగింది. ఎర్రదీపం వెలిగింది, పట్టా ఆగింది. గూట్లో ఉన్న పొట్లాన్ని తీసి చింపి, కైమా అంతా పళ్లెంలో పరిచి వేళ్లతో వెతికాం. ఏమీ లేదు. మళ్లీ కట్టి పంపితే మోగలేదు. సరేలే అనుకున్నాం. వరదమ్మ మళ్లీ తట్టలు తెచ్చింది. మళ్లీ మోగింది. మధ్యాహ్నానికల్లా హాల్లో అందరికీ అర్థమైపోయింది. వరదమ్మ చల్లగది లోపల ఉంటే గంట ఊరుకుంటుంది, తట్టలతో వస్తే మోగుతుంది.

ధనంజయ ఆమెను పక్కకు పిలిచాడు. "వరదమ్మా, ఒంటి మీద ఏమన్నా మర్చిపోయినావేమో చూడమ్మా" అన్నాడు. ఆమె కొప్పు విప్పి చూపించింది. పిన్నుల్లేవు. చెవులు చూపించింది, చీపురుపుల్లలు ఉన్నాయి. కాళ్లు చూపించింది, మెట్టెలు ఉండే చోట తెల్లటి గుర్తులు ఉన్నాయి. తట్టలను వట్టివి చేసి ఒక్కొక్కటే గూట్లోంచి పంపాడు. మోగలేదు. ఆమె చేతిని గూట్లో పెట్టమన్నాడు. మోగలేదు. ధనంజయ తల గోక్కున్నాడు. "ఇంకేమన్నా ఉండాదా అమ్మా?" అని గోడ వైపు చూస్తూ అడిగాడు. అతను ఏమి అడుగుతున్నాడో అందరికీ తెలుసు. వరదమ్మ రవికె మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అందరికీ ఉండాది కదా సార్ అది" అన్నాను నేను, ఉండబట్టలేక. "నాకూ ఉండాది. నాకేం మోగలేదే."

"అదే కదా నిర్మలమ్మా నాకూ అర్థం కానిది" అన్నాడు పాపం.

బొంబాయి నుంచి కొనేవాళ్ల మనిషి దీపావళికి అటూ ఇటూగా వస్తున్నాడని అప్పటికే కబురు వచ్చింది. ఫ్యాక్టరీ చూసి, మిషన్ పనితనం చూసి, బాగుంటే ఏడాది సరుకుకు మాట ఇస్తాడు. గంట పనికిమాలినట్టు మోగుతుంటే ఏం చూపిస్తాం? నాయుడు రోజుకు రెండుసార్లు హాలుకు వచ్చి వరదమ్మ వైపు చూసి పోయేవాడు. ఒకరోజు వచ్చి, చాలా ఆలోచించిన మొహంతో అడిగాడు. "ఏమ్మా, చిన్నప్పుడు ఎప్పుడన్నా అణాబిళ్ల గిణాబిళ్ల మింగినావా?"

ఆడవాళ్లంతా మాంసం మీదికి వంగిపోయారు, నవ్వు కనపడకుండా. వరదమ్మ మాత్రం నవ్వలేదు. "గుర్తు లేదు సామీ" అంది. ఆ సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చుని, "నిజంగానే మింగింటానా మే?" అని అడిగింది. అంత గట్టి మనిషి అంత చిన్నగా అడిగేసరికి నాకు నాయుడి మీద ఒళ్లు మండింది.

"మింగింటే ఎప్పుడో బయటికి పోయుంటుంది. గమ్మునుండు" అన్నాను.

మర్నాడు ఆమె పని మొదలయ్యే ముందు నన్ను పక్కకు పిలిచి రవికె అంచు కొద్దిగా తప్పించి చూపించింది. బంగారు తాళి లేదు. పసుపుతాడు, దానికి ఒక పసుపు కొమ్ము. మా వైపు తాళి విరిగినా, కుదువకు పోయినా ఆడవాళ్లు అట్లా పసుపు కొమ్ము కట్టుకుంటారు. తప్పేమీ కాదు. కానీ ఇంట్లో ఉన్న తాళిని ఒక మిషన్ కోసం తీసి పెట్టినదాన్ని నేను మొదటిసారి చూశాను. ఏడుస్తుందేమో అని ఆమె మొహం వైపు చూశాను. ఏడుపు లేదు. పైగా సిగ్గుపడినట్టు ఒక చిన్న నవ్వు. నాకేమీ అర్థం కాలేదు. అడిగేలోపల సైరన్ మోగింది.

ఆమె చల్లగదిలోకి పోయింది. ధనంజయ మిషన్ పక్కన నిలబడ్డాడు. అందరం కత్తులు ఆపి చూస్తున్నాం. మడమతో తలుపు తన్నిన చప్పుడు అయ్యింది. రెండు తట్టలతో వరదమ్మ బయటికి వచ్చింది.

గంట మోగింది.

ఆమె తట్టలు బల్ల మీద దించి, కొంగుతో మొహం తుడుచుకుంది. "తాళిబొట్టు కూడా తీసి పెట్టి వచ్చినాను సార్" అంది. ఆ మాట అందరిముందూ అనాల్సి వచ్చింది చూడండి. ధనంజయ మొహం మాడిపోయింది. అతను చెడ్డవాడు కాదు. కానీ బొంబాయి మనిషి వచ్చే రోజు నెత్తిమీదికి వచ్చేసింది. "వాళ్లు వచ్చిపోయే దాకా తోళ్ల షెడ్డులో పని చూడమ్మా. తర్వాత ఆలోచిద్దాం" అన్నాడు.

తోళ్ల షెడ్డు అంటే ఉప్పు, కంపు, ఈగలు. దానికంటే పెద్ద సంగతి, అక్కడ ఉన్నవాళ్లంతా రోజుకూలీలు. అక్కడికి పోయి మళ్లీ హాలుకు వచ్చినవాళ్లు అప్పటిదాకా లేరు. తర్వాత ఆలోచిద్దాం అన్న మాటకు అర్థం ఏమిటో వరదమ్మకూ తెలుసు, మాకూ తెలుసు. ఆమె పోతూ పోతూ గూటిని తాకి కళ్లకద్దుకుని మరీ పోయింది. నాకైతే దాన్ని ఒక తన్ను తన్నాలనిపించింది.

తట్టలు తెచ్చే పని నా నెత్తిన పడింది. నాది నిదానమైన ఒళ్లు. తలుపు కొంచెం తెరిచి, తట్టను ముందు బయటికి జరిపి, ఆనక నేను జరిగి, మళ్లీ తలుపు మెల్లగా దగ్గరికి వేసి, ఒక్కొక్క తట్టే తెచ్చేదాన్ని. ఆమె రెండుసార్లు తిరిగేలోపల నేను ఒకసారి తిరిగేదాన్ని. గంట మాత్రం మోగలేదు. మర్నాడూ మోగలేదు. ఎప్పుడైనా ఒకసారి చిన్నగా కూసి ఊరుకునేది, అంతే. హాల్లో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సూసినారా, ఆయమ్మ ఒంట్లోనే ఏదో ఉండాది" అన్నారు. మోగితే బాగుండు, నాకూ మోగితే బాగుండు అని నేను ప్రభువును అడిగాను. ఫ్యాక్టరీ చెడాలని ప్రార్థన చేసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆయన ఆలకించలేదు. ఆయన దగ్గర వేరే ఉపాయం ఉన్నట్టుంది.

దీపావళి అమావాస్య వచ్చింది. బొంబాయి మనిషి ఆ మధ్యాహ్నమే వస్తాడని టెలిగ్రాం వచ్చింది. పొద్దున్నే ధనంజయ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మిషన్ ఆన్ చేసి చూసుకుంటున్నాడు. పట్టా వట్టిగా తిరుగుతోంది. మేం బల్లలు కడుగుతున్నాం. తలుపు దగ్గర వరదమ్మ కనిపించింది. తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, చేతిలో ఆకు పొట్లం పట్టుకుని నిలబడింది.

"ఏమ్మా?" అన్నాడు ధనంజయ.

"అమావాస్య సార్ ఈ పొద్దు. దిష్టి నిమ్మకాయ మార్చాల. పాతది అమావాస్య దాటి ఉండకూడదు. మిషన్‌కు మంచిది కాదు. మార్చేసి షెడ్డుకు పోతాను."

ధనంజయ ఆమె చేతిలోని ఆకు పొట్లం వైపు చూశాడు. తన బతుకు మీద దెబ్బకొట్టిన మిషన్‌కు మేలు కోరి, తెల్లారే లేచి నిమ్మకాయ గుచ్చుకుని వచ్చిన మనిషి. "రామ్మా" అన్నాడు అతను, మళ్లీ తనే చెక్కస్టూలు తెచ్చి వేశాడు.

గూటి వాకిలి పైన పాత నిమ్మకాయ ఎండి గోలీకాయంత అయి వేలాడుతోంది. అన్నాళ్లూ అక్కడే ఉంది, మా అందరి కళ్లముందే. కానీ దిష్టి తీసిన వస్తువును ఎవరు తాకుతారు? ఎవరు తేరిపార చూస్తారు? ఓబయ్య పూలన్నీ లాగేసి, మిషన్ మూలమూలా తుడిచి, దాన్ని మాత్రం ముట్టకుండా వదిలేశాడు. పూలు ఉన్నన్నాళ్లూ వాటి మధ్యన ఇరుక్కుని కదలకుండా ఉన్నది, పూలు పోయాక వట్టిగా వేలాడింది. అది మేం తర్వాత తెలుసుకున్న సంగతి.

వరదమ్మ స్టూలు ఎక్కింది. చేత్తో పాత నిమ్మకాయను పట్టుకుని ముడి విప్పబోయింది. గంట మోగింది.

"అయ్యో దేవుడా" అని ఓబయ్య గోడకు ఆనుకున్నాడు. వరదమ్మ చెయ్యి తీసేసింది. మొహం తెల్లబోయింది. దిగి పోబోయింది.

"ఆగు" అన్నాడు ధనంజయ. అతను పట్టా వైపు చూస్తున్నాడు. పట్టా మీద పొట్లం లేదు, మాంసం లేదు, ఏమీ లేదు. "ఆగు వరదమ్మా. కదలొద్దు."

ఆమె కదల్లేదు. గంట ఆగింది. నిమ్మకాయ మాత్రం ఇంకా కొంచెం ఊగుతోంది. ధనంజయ చెయ్యి చాచి దాన్ని వేలితో తట్టాడు. గంట మోగింది. పట్టుకుని ఆపాడు. గంట ఆగింది. మళ్లీ తట్టాడు. మళ్లీ మోగింది. అప్పుడు దగ్గరికి వంగి చూశాడు. ఎండిన నిమ్మకాయ, మిరపకాయలు, బొగ్గుముక్క, అన్నిటినీ గుచ్చిన నల్లటి ఇనుప తీగ.

"దీన్ని ఇనుప తీగకు గుచ్చినావా అమ్మా?"

"మరి దిష్టి దేనికి గుచ్చుతారు సార్? ఇనుము లేకుంటే దిష్టి పోతుందా?" అంది వరదమ్మ. స్టూలు దిగి, అడగరాని మాట అడిగినట్టు చూసింది.

ధనంజయ చల్లగది దగ్గరికి పోయి తలుపును మడమతో ఒక్క తన్ను తన్నాడు, అచ్చం ఆమె తన్నినట్టే. చల్లగాలి గుప్పున కొట్టింది. నిమ్మకాయ ఉయ్యాల ఊగింది. గంట ఆగకుండా మోగింది. ఎవరూ చెప్పకుండానే హాల్లో అందరికీ తెలిసిపోయింది. నా నిదానం గాలిని లేపలేదు, ఆమె చలాకీ లేపింది. ఫ్యాక్టరీలో అందరికంటే బాగా పని చేసినందుకే ఆమె దొంగ అయింది.

ధనంజయ ఆ చెక్కస్టూలు మీద కూలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ముందు ఏడుస్తున్నాడేమో అనుకున్నాం. నవ్వుతున్నాడు. "గీత నేల మీదనే చూసినాము. పైన చూసినామా? టెంకాయ కొట్టింది నేను. స్టూలు పట్టుకునింది నేను" అన్నాడు. నవ్వు ఆపుకుని లేచి నిలబడ్డాడు. "తప్పు నాది అమ్మా. నిన్ను అట్ల పంపింది తప్పు."

"నాకు సెప్తే యేం లాభం సార్?" అంది వరదమ్మ. తల మాత్రం దించలేదు. "బొట్టు తీసినాను అని అందరి ముందర సెప్పుకున్నాను. ఈ మాట కూడా అందరి ముందర సెప్పండి."

ధనంజయ నాయుణ్ణి పిలిపించాడు, తోళ్ల షెడ్డువాళ్లను పిలిపించాడు. అందరి ముందూ చెప్పాడు. వరదమ్మ ఒంట్లో ఏమీ లేదు, తప్పు మిషన్ దగ్గర కట్టిన తీగది, ఆమె చోటు హాల్లోనే అని. నాయుడు గొంతు సవరించుకుని, "నేను ఆ పొద్దే అనుకున్నాను" అన్నాడు. ఏమి అనుకున్నాడో ఎవరూ అడగలేదు. వరదమ్మ మాత్రం, "అణాబిళ్ల బయటపడింది లే సామీ" అంది. ఈసారి ఎవరూ మాంసం మీదికి వంగలేదు. నాయుడితో సహా బాహాటంగానే నవ్వారు.

పాత నిమ్మకాయను ఆమే తీసి, ఎవరి కాలూ పడని చోట పారేసి వచ్చింది. కొత్తది మిషన్‌కు కట్టాలా వద్దా అని కాసేపు తర్జనభర్జన జరిగింది. చివరికి బయట గేటుకు కట్టారు. మధ్యాహ్నం వచ్చిన బొంబాయి మనిషి గేటు దగ్గర దాన్ని చూసి ఏమిటని అడిగాడట. లోపలి మిషన్ మాంసాన్ని చూసుకుంటుంది, ఇది మమ్మల్ని చూసుకుంటుంది అని ధనంజయ చెప్పాడట. ఆయన హాల్లో నిలబడి పరీక్ష ఇనుము పెట్టిన పొట్లాలు పంపించి చూశాడు. ఇనుము ఉన్నదానికి మోగింది, లేనిదానికి మోగలేదు. ఆయన చూస్తుండగానే వరదమ్మ తలుపు తన్ని రెండు తట్టలతో గాలిలా వచ్చింది. మేం ఊపిరి బిగబట్టాం. గంట కిక్కురుమనలేదు. ఏడాది సరుకుకు ఆయన మాట ఇచ్చి పోయాడు. ఆ సాయంత్రం అందరికీ దీపావళికి మిఠాయి పొట్లం, టపాకాయలు ఇచ్చి పంపాడు నాయుడు.

పోయేటప్పుడు ధనంజయ వరదమ్మను ఆపి, "రేపటి నుంచి నీ తాళి వేసుకుని రామ్మా, అందరి మాదిరి లోపలికి దోపుకుంటే చాలు. దానికి దీనికి సంబంధం లేదు" అన్నాడు. ఆమె తల ఊపింది.

కానీ పండగ పోయి వారమైనా ఆమె మెడలో పసుపు కొమ్మే ఉంది. నేను ఆగలేకపోయాను. బస్సులో అడిగేశాను. బయట చెరకు తోటలు వెనక్కి పోతున్నాయి. గానుగల దగ్గర బెల్లం పొయ్యిలు అప్పుడే రాజుకున్నట్టున్నాయి, కాగే పాకం వాసన కిటికీలోంచి వస్తోంది.

"కుదువ పెట్టినావా ఏంది అక్కా, దాచకుండా చెప్పు" అన్నాను.

"కుదువ లేదు, గిదువ లేదు. పెట్టెలో ఉండాది." ఆమె కొంగు సర్దుకుంది. "నా పెండ్లి నాటికి నాకు పదేండ్లు మే. ఆయప్పకు పన్నెండో పదమూడో. ముహూర్తం తెల్లారుజామున. ఆయప్ప వాళ్ల మేనమామ ఒళ్లో పడి నిద్రపోతా ఉన్నాడంట. లేపితే లేయలేదు. మేనమామే ఆయప్ప చేతులు పట్టుకుని మూడు ముళ్లూ తనే యేసినాడు. ఆ బంగారు బొట్టు కట్టింది ఆ మేనమామ. ఆయనా పోయినాడు, పాపం."

నేను ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

"ఆ పొద్దు ఇంటికి పోయి ఆయప్పతో, మిషన్ కోసం బొట్టు తీయాల్సి వచ్చింది అని సెప్పినాను. తిడతాడేమో అనుకుంటి. ఆయప్పే పోయి పసుపు కొమ్ము తెచ్చి, తాడుకు పసుపు పూసి, నువ్వు ఈడ కూచో అన్నాడు. బెల్లం పాకంతో కాలి కాలి ఆ చేతివేళ్లు మొద్దుబారి ఉండాయి కదా, ముడి పడదు. వేసింది ఊడిపోతుంది. మళ్లీ యేస్తాడు. నేను కట్టుకుంటా ఇయ్యి అంటే ఇయ్యలేదు. చెమట కారిపోతా ఉండాది. మూడు ముళ్లూ యేసి, వెనక నిలబడి, గట్టిగా ఉండాదా మే అని అడిగినాడు." ఆమె రవికె మీద చెయ్యి పెట్టుకుంది. ఆ పొద్దు ఫ్యాక్టరీలో నాకు అర్థం కాని ఆ నవ్వే మళ్లీ కనిపించింది. "ఇది ఆయప్ప కట్టింది నిర్మలా. దీన్ని యెట్ల తీసేది?"

బస్సు పూతలపట్టులో ఆగింది. చిన్నబ్బ ఎప్పటిలాగే తలపాగా చుట్టుకుని, ఏదో పని మీద అక్కడికి వచ్చినవాడిలా వేరే దిక్కుకు చూస్తూ నిలబడి ఉన్నాడు. వరదమ్మ దిగింది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఇంటి దోవ పట్టారు. బస్సు కదిలేటప్పుడు నేను కిటికీలోంచి అతని చేతుల వైపు చూశాను.